ప్రాగ్‌లో ఒక్క రోజే ఉంటే పొద్దున్నే పరుగెత్తాలా, నడవాలా?

ఎల్బే ఒడ్డు:
నేను జర్మనీలోని డ్రెస్డెన్‌లో పని చేస్తాను. అక్కణ్నుంచి చెక్ రాజధాని ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటలు. కిందటి జూన్‌లో శనివారం రాత్రి చేరి ఆదివారం మొత్తం ఉన్నాను. తెల్లవారుజామున 5 గంటలకే షూస్ వేసుకుని బయటపడ్డాను. ఓల్డ్ టౌన్ స్క్వేర్, కార్లోవా వీధి, చార్లెస్ వంతెన, నెరుదోవా వీధి ఎక్కి కోట, కోట దాటి లెత్నా పార్కు, మళ్లీ కిందికి దిగి వల్తావా నది దాటి హోటల్‌. సుమారు ఏడు కిలోమీటర్లు. స్నానం చేసి, టిఫిన్ తిని, మిగతా రోజంతా నడిచి తిరిగాను.

ఈ మాట చెప్తే ఇద్దరు స్నేహితులు ఒప్పుకోలేదు. పరుగెత్తుతూ చూసింది చూడటమే కాదన్నారు. నాకు మాత్రం ఆ రోజులో మనసులో నిలిచింది ఆ గంటే. చార్లెస్ వంతెన 516 మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అటూ ఇటూ కలిపి 30 విగ్రహాలు. మధ్యాహ్నం మళ్లీ వెళ్తే భుజాలు తప్ప రాయి కనిపించలేదు. పొద్దున ఊడ్చే మనిషి ఒకరు, ఫొటోలు తీసేవాళ్లు ఇద్దరు, అంతే. 1393లో ఇక్కడే నదిలోకి తోసేసిన క్రైస్తవ మతగురువు నెపోముక్ జాన్ కంచు విగ్రహం ముందు ఆగితే నేనొక్కణ్నే ఉన్నాను. పగలు అక్కడ ఫలకాన్ని తాకడానికి క్యూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ వంతెనకి నాలుగో చార్లెస్ చక్రవర్తి శంకుస్థాపన చేసింది 1357 జూలై 9, తెల్లవారుజామున 5:31కి అని అక్కడ చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషం వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ఎటు నుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమట. ముహూర్తం మాట మనకి కొత్తగా చెప్పాలా? ఇంచుమించు ఆ వేళకే అక్కడ ఉండటం నాకు చాలా నచ్చింది. మీరేమంటారు?

నెమ్మదిగా చూద్దాం:
ఎల్బే ఒడ్డు గారూ, మీ సంతోషాన్ని కాదనను. కానీ మీ దారిలోనే మీరు చూడకుండా దాటినవి చెప్తాను. ఓల్డ్ టౌన్ హాల్ పక్కన నేల మీద 27 తెల్ల శిలువలు ఉంటాయి. 1621 జూన్ 21న, హాబ్స్‌బర్గ్ రాజుపై తిరగబడిన 27 మందిని అక్కడ చంపారు. వాళ్లలో 12 మంది తలలు వంతెన మొదట్లోని బురుజుకి వేలాడదీసి పదేళ్లు ఉంచారు. మీరు శిలువల పక్కగా వెళ్లి ఆ బురుజు కిందనుంచే వంతెన ఎక్కి ఉంటారు. గుర్తుందా?

ఆ టౌన్ హాల్ గోడ మీది ఖగోళ గడియారం కూడా అంతే. 1410 నాటిది. కిటికీల్లోంచి అపొస్తలుల బొమ్మలు కదిలేది ఉదయం 9 నుంచి. 5 గంటలకి మీరు చూసింది మూసిన కిటికీలు. వందల ఏళ్ల ఊరికి మన వేగం కాదు, మనమే దాని వేగానికి తగ్గాలి.

హైదరాబాద్ పదికె:
నేను ఎల్బే అన్న పక్షం. ప్రాగ్ మారథాన్ మొదలయ్యేదే ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో. 1995 నుంచి వేల మంది ఆ రాళ్ల మీదే పరుగెడుతున్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ దేశం అది. అక్కడ పరుగెత్తడం తప్పెలా అవుతుంది?

అమ్మానాన్నలతో యూరప్:
తప్పొప్పులు సరే, నా అనుభవం చెప్తాను. మా ఆయన కూడా ఇలాగే పొద్దున్నే పరుగుకి వెళ్లారు. రాత్రి వాన పడింది, రాళ్లు తడిగా ఉన్నాయి, చీలమండ బెణికింది. అత్తయ్య, మామయ్య మొదటిసారి యూరప్ వచ్చారు. ఆ ఒక్క రోజూ ఆయన హోటల్ గదిలో, వీళ్లిద్దరూ ఆయన పక్కన. నేనొక్కదాన్నే బయటికెళ్లి ఏం చూడను? ఒంటరిగా వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు ఆ పరుగు మానుకోండి.

ప్రాగ్ 7 నివాసి:
ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, వారానికి నాలుగు రోజులు పరుగెడతాను. అక్కా, మీరన్న రాళ్లకి ఇక్కడివాళ్లు పెట్టిన పేరు ‘పిల్లి తలకాయలు’. గుండ్రంగా, నున్నగా ఉంటాయి. వాన పడితే మేమే వాటి మీద పరుగెత్తం. లెత్నా, స్త్రోమోవ్‌కా పార్కులకి వెళ్తాం. అక్కడ మట్టి దారి ఉంది, చెట్లున్నాయి.

ఎల్బే గారూ, మీరు ఎంచుకున్న వేళ మంచిదే. కోట ఆవరణ 6 గంటలకే తెరుస్తారు, లోపలి భవనాలు 9 తర్వాత. కోట చుట్టూ అంత నిశ్శబ్దం ఆ మధ్యలోనే దొరుకుతుంది. కానీ దయచేసి ఒక మాట వినండి. నెరుదోవా వీధిలో ఆ కిటికీల వెనక మనుషులు నిద్రపోతుంటారు. గుంపుగా వచ్చి, ఫోన్‌లో పాటలు పెట్టి, ఒకళ్లనొకళ్లు కేకేసుకుంటూ వెళ్లేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. రాత్రంతా తాగి అరిచేవాళ్ల బాధ ఈ వీధులకి ఎలాగూ ఉంది, తెల్లవారుజామునైనా వదిలేద్దాం.

రెండోది, యోసెఫోవ్. పాత యూదుల పేట. ఆ వీధుల్లో కొన్ని ఇళ్ల ముందు నేలలో పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట్లోంచి తీసుకెళ్లి నాజీలు చంపినవాళ్ల పేర్లు అవి. వంగితే తప్ప చదవలేం. అక్కడి యూదుల ప్రార్థనాలయం పింకాస్ సినగాగ్ గోడల మీద దాదాపు 80 వేల పేర్లు చేత్తో రాశారు. అక్కడ గంట ఉండండి, ఆ రోజు ఇంకేమీ చూడకపోయినా ఫర్వాలేదు. శనివారం మూసి ఉంటుంది, అది చూసుకుని రండి.

మూడోది, వంతెన మీది విగ్రహాల్లో చాలావరకు నకళ్లు. ఇసుకరాయి పాడైపోతోందని అసలువి తీసి దాచారు. వాటిలో కొన్ని స్త్రోమోవ్‌కా పక్కనే, లాపిడేరియం అనే రాతి శిల్పాల మ్యూజియంలో ఉన్నాయి. నేను పరుగెత్తే దారికి ఐదు నిమిషాలు.

ఎల్బే ఒడ్డు:
నెమ్మది గారూ, నిజమే, పొద్దున ఆ శిలువలు చూడలేదు. కానీ మధ్యాహ్నం చూశాను. బోర్డు చదివి తలల సంగతి తెలియగానే నాకు గుర్తొచ్చింది పొద్దున పరుగెత్తిన కార్లోవా వీధి. ఆ మలుపులు, చివర్న ఒక్కసారిగా బురుజు ఎదురవ్వడం. అర కిలోమీటరు దూరం. ఆ తలలు ఏ దారిన వెళ్లి ఉంటాయో కాళ్లకి ముందే తెలుసు. మ్యాప్ చూసి ఉంటే నాకు ఆ వణుకు వచ్చేది కాదు. నా వాదనంతా ఇదే. పరుగుతో ఊరి ఎత్తుపల్లాలు, నది వంపు, ఎక్కడికి ఎంత దూరమో ఒంటికి పడతాయి. పగలు చదివినవీ విన్నవీ వాటి మీద కూర్చుంటాయి. పరుగు ఒక్కటే చాలని నేననలేదు.

ఇత్తడి పలకల మాట మాత్రం నన్ను ఆపేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆ పేట మీదుగానే వచ్చాను. ఎన్నిటి మీద అడుగేశానో.

నెమ్మదిగా చూద్దాం:
ఆ కార్లోవా వీధి మాట బాగుంది, ఒప్పుకుంటాను. అయినా ఖాళీ వంతెన కావాలంటే 5 గంటలకి నడిచే వెళ్లొచ్చు కదా? ఖాళీగా ఉండటం పొద్దుటి గొప్పతనం, పరుగుది కాదు. ఆ రెండిటినీ మీరు కలిపేస్తున్నారు.

ఎల్బే ఒడ్డు:
నడిస్తే వంతెన దగ్గరే ఆగిపోయేవాణ్ని. కోట దాటి లెత్నా దాకా వెళ్లి, వంతెనలన్నీ వరసగా కనిపించే ఆ గట్టు మీద నిలబడి, టిఫిన్ వేళకి తిరిగి రావడం నడకతో నావల్ల అయ్యేది కాదు. యోసెఫోవ్ విషయంలో మాత్రం మీ మాటే. ఈసారి నది గట్టు మీదుగా తిరిగొస్తాను, ఆ పేటకి పగలు నడిచి వెళ్తాను.

హైదరాబాద్ పదికె:
డిసెంబర్‌లో ఒక్క రోజు ఆగుతున్నాను. 5 గంటలకి వెళ్లొచ్చా అన్నా?

ప్రాగ్ 7 నివాసి:
డిసెంబర్‌లో సూర్యుడు వచ్చేసరికి దాదాపు 8 అవుతుంది తమ్ముడూ. 5 గంటలకి కటిక చీకటి, రాళ్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. వంతెనకి ఏడింటికి నడుచుకుంటూ వెళ్లు, చేతికి గ్లవ్స్ మర్చిపోకు. పరుగు కావాలంటే స్త్రోమోవ్‌కాకి రా, ఏడున్నరకి నేను అక్కడే ఉంటాను.