సలోమీ ఆపెరాలో ఆ డాన్స్ మ్యూజిక్ గురించి ఎవరైనా చెప్పండి

నిన్న రాత్రి యూట్యూబ్‌లో జర్మన్ కంపోజర్ రిచర్డ్ స్ట్రాస్ రాసిన సలోమీ ఆపెరా (పాటలతో నడిచే నాటకం) లోని 'ఏడు ముసుగుల నాట్యం' తగిలింది, తొమ్మిది పది నిమిషాలుంటుంది, పాట లేదు, ఒక్క ఆర్కెస్ట్రానే, కానీ వింటుంటే ఒళ్ళు జలదరించింది. దీనిమీద అప్పట్లో అంత గొడవ ఎందుకయింది?

రిప్లై 1: కథే అలాంటిది బ్రో. బైబిల్ కథలోని హేరోదు రాజు ముందు డాన్స్ చేసి, ఆయన సవతి కూతురు సలోమీ అడిగే బహుమతి బాప్తిస్మమిచ్చే యోహాను తల, పైగా చివర్లో ఆ తెగిన తలని ముద్దు పెట్టుకుంటుంది. 1905 డిసెంబర్‌లో డ్రెస్డెన్‌లో మొదటిసారి వేశారు, జనం ఎగబడ్డారు. వియన్నాలో అక్కడి ఆపెరా డైరెక్టర్, కంపోజర్ మాలర్ వేద్దామంటే సెన్సార్ వాళ్ళు ఒప్పుకోలేదు, న్యూయార్క్ మెట్ (మెట్రోపాలిటన్ ఆపెరా) లో 1907లో ఒక్క షో పడగానే ఎత్తేశారు 😅

రిప్లై 2: మ్యూజిక్ సంగతి చెప్తా. మొదట డ్రమ్స్‌తో ఒక్కసారిగా విరుచుకుపడి వెంటనే నెమ్మదిస్తుంది చూడండి, అక్కడ ఓబో (సన్నాయిలాంటి ఊదే వాయిద్యం) మెలికలు తిరుగుతూ ఎత్తుకునే ట్యూన్ ఉందే, నాకైతే మన నాదస్వరం గుర్తొస్తుంది (నవ్వకండి). తర్వాత వాల్ట్జ్ (జంటలు తిరుగుతూ చేసే యూరప్ డాన్స్) లాగా ఊగి, స్పీడ్ పెరిగి పెరిగి పిచ్చెక్కిస్తుంది. మిగతా ఆపెరా అంతా అయ్యాక దీన్ని చివర్లో రాశాడు.

రిప్లై 3: ఫస్ట్ సలోమీగా పాడిన మారీ విట్టిష్ అనే సింగర్ నేను ఈ డాన్స్ చెయ్యనంది, ఆమె బదులు వేరే డాన్సర్ చేసింది. ఈ ఆపెరాతో స్ట్రాస్‌కి నష్టమేనని జర్మనీ కైజర్ (చక్రవర్తి) అన్నాడట, ఆ నష్టంతోనే జర్మనీలోని గార్మిష్ ఊళ్ళో బంగళా కట్టుకున్నానని స్ట్రాసే తర్వాత చెప్పుకున్నాడు 😂