పిచ్చర్ ప్లాంట్ కూజాలు ఎండిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
అందరికీ నమస్కారం. ఆకు కొసన వేలాడే కూజాలతో పురుగుల్ని పట్టి తినే పిచ్చర్ ప్లాంట్ ఒకటి కొన్నాను. నర్సరీలో కొన్నప్పుడు మొక్క నిండా కూజాలున్నాయి. ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటే మూత దగ్గర్నుంచి ఎండుతూ వచ్చాయి. కొత్త ఆకులు బాగానే వేస్తోంది. కానీ ఆకు కొసన తీగ చివర గోధుమ గింజంత మొగ్గ వచ్చి, అక్కడే నల్లబడిపోతోంది. తూర్పు బాల్కనీలో పెట్టాను, పొద్దుటి ఎండ తగులుతుంది. పోసేవి అపార్ట్‌మెంట్ బోరు నీళ్లే. ఎరువు చాలలేదా? మా పాప చికెన్ ముక్క వేద్దామంటోంది.

జవాబు (జయనగర్):
ఎరువు వద్దండీ, చికెన్ అసలే వద్దు. ముందు కుండీ అంచు చూడండి. తెల్లగా ఉప్పు పేరుకుని, ఆకుల అంచులు మాడినట్టుంటే నీళ్లే కారణం. నత్రజని దొరకని, సారం లేని నేలల్లో పుట్టిన మొక్క ఇది. ఆ లోటు తీర్చుకోడానికే పురుగుల్ని పడుతుంది. దాని వేళ్లు లవణాలను తట్టుకోలేవు. మన బోరు నీళ్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) వందల్లో ఉంటుంది, దీనికి 50 లోపు ఉండాలి. వాన నీళ్లు పట్టి దాచుకోండి, లేదా ఆర్‌వో నీళ్లు పోయండి. కొన్ని ఆర్‌వో మెషిన్లు మళ్లీ ఖనిజాలు కలుపుతాయి, కాబట్టి టీడీఎస్ మీటర్‌తో ఒకసారి చూసుకోవాలి.

మట్టి కూడా మార్చేయండి. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు పనికిరావు. స్ఫాగ్నమ్ మాస్‌లో (ఒక రకం నాచు) పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపి ప్లాస్టిక్ కుండీలో నాటండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడితే ఉప్పు పోయేదాకా మంచి నీళ్లతో కడగాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, వేళ్లు కుళ్లుతాయి.

ఇక తిండి సంగతి. చీమో ఈగో దానంతటదే పడుతుంది. మాంసం వేస్తే అరగక కుళ్లి కూజానే పాడవుతుంది. లోపలి ద్రవం మొక్క ఊరించుకున్న జీర్ణరసం, పారబోయకండి. ఒలికిపోతే కొంచెం ఆర్‌వో నీళ్లు పోస్తే చాలు.

మరో జవాబు (యలహంక):
పాత కూజాలు ఎండినందుకు బెంగపడకండి. నర్సరీ తేమలోంచి పొడి గాలిలోకి వస్తే అలాగే అవుతుంది. పూర్తిగా ఎండినవే కత్తిరించండి, సగం పచ్చగా ఉన్నది ఇంకా పనిచేస్తుంటుంది. మొగ్గ నల్లబడటానికి పొడి గాలి కూడా కారణం కావచ్చు. మార్చి, ఏప్రిల్‌లో మన ఊళ్లో మరీ పొడి. వేరే కుండీల మధ్య గుంపుగా పెట్టండి. ఎండిన మొగ్గ మళ్లీ కూజా అవదు, తర్వాత వచ్చే ఆకుల్ని చూడండి.

ఇంకో మాట. మన దేశంలో సహజంగా పెరిగే జాతి ఒక్కటే, మేఘాలయ కొండల నెపెంథిస్ ఖాసియానా. అది అంతరించే ముప్పులో ఉంది. అడవిలోంచి తవ్వి తెచ్చామని ఎవరైనా అమ్మితే దయచేసి కొనకండి. నర్సరీలో పెంచిన హైబ్రిడ్లు బెంగళూరు వాతావరణానికి చక్కగా అలవాటుపడతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. కుండీ అంచున తెల్లగా ఉన్న మాట నిజమే. ఆర్‌వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు పోయొచ్చా?

జవాబు (జయనగర్):
వద్దండీ. వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది, బోరు నీళ్లకన్నా చెడ్డవి. అవి బాల్కనీ కడగడానికి ఉంచుకోండి.