సలామ్ బాంబే: ఆ పిల్లలకు సినిమా ఏమైనా బాకీ ఉందా?

మొదటి ఆట:
నిన్న రాత్రి మీరా నాయర్ 'సలామ్ బాంబే' మళ్ళీ చూశాను. 1988 సినిమా. ఆవిడకు అదే మొదటి కథాచిత్రం, అంతకుముందు తీసినవి డాక్యుమెంటరీలు. బాంబే వీధుల్లో బతికే పిల్లల్ని పోగేసి, వాళ్ళకు వర్క్‌షాప్ పెట్టి, వాళ్ళతోనే చేయించింది. కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రాలకిచ్చే కెమెరా డోర్ అవార్డు వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. కథలో కృష్ణ అనే కుర్రాడి వేషం కట్టిన షఫీక్ సయ్యద్‌కు బాలనటుడిగా జాతీయ అవార్డు ఇచ్చారు. ఆ తర్వాత అతను బెంగళూరు వెళ్ళి ఆటో నడుపుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. తమ బతుకునే అరువిచ్చిన పిల్లలకు ఇలాంటి సినిమా ఏమైనా బాకీ పడుతుందా, పడదా?

కట్ చెప్పనోడు:
పడుతుంది. వడ్డీతో సహా. నేను ఒక కొత్త దర్శకుడి దగ్గర అసిస్టెంట్‌గా పదకొండు నెలలు చేశాను. బస్తీ కుర్రాళ్ళ కథ. "ఇది మన సినిమా బ్రదర్, లాభం వస్తే పంచుకుందాం" అన్నాడు. జీతం సంగతి దేవుడెరుగు, రోజు ఖర్చులకిచ్చే బేటా కూడా సరిగ్గా ఇవ్వలేదు. ఒకరోజు ఒక పిల్లాడు ఏడవాలి. గ్లిజరిన్ పెట్టినా రావట్లేదు. మావాడు వాడి పక్కన కూర్చుని, చచ్చిపోయిన వాళ్ళమ్మ గురించి మెల్లగా అడగడం మొదలుపెట్టాడు. కెమెరా నడుస్తూనే ఉంది. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. టేక్ ఓకే, అందరూ చప్పట్లు. వాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది నేనే. అదే వాడి పారితోషికం. అప్పట్నుంచి పేదరికం మీద 'నిజాయితీగల' సినిమా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బొంగరం:
మీ దర్శకుడు వెధవ అయితే దానికి మీరా నాయర్ ఏం చేస్తుంది సార్? ఆ సినిమా డబ్బుతో వీధి పిల్లల కోసం సలామ్ బాలక్ ట్రస్ట్ పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. అది లెక్కలోకి రాదా?

లెక్కల మాస్టారు:
బాకీ సంగతి తర్వాత. అసలు కథకే పునాది లేదు. కుర్రాడు ఇంటికి వెళ్ళడానికి 500 రూపాయలు పోగేస్తాడట. ఆ రోజుల్లో బాంబే నుంచి దేశంలో ఏ మూలకైనా జనరల్ టికెట్ అంత ఉంటుందా?

బొంగరం:
మాస్టారూ, అది టికెట్ డబ్బు కాదు. కుర్రాడు తన అన్న బండి తగలబెట్టాడని వాళ్ళమ్మ సర్కస్‌లో వదిలేసి, నష్టం 500 సంపాదించాకే ఇంటికి రమ్మంటుంది. మొదటి పది నిమిషాలు చూడకుండా వచ్చారా?

లెక్కల మాస్టారు:
మొత్తం చూశాను. సర్కస్ వాళ్ళు వదిలేసి పోయారు, నిజమే. చేతిలో ఉన్న డబ్బుతో బాంబే టికెట్ కొన్నవాడు ఊరికి టికెట్ కొనలేడా? కష్టపడి దాచింది కాస్తా చిల్లమ్ అనే స్నేహితుడు కాజేశాక అయినా టికెట్ లేకుండా రైలెక్కొచ్చు కదా. లాజిక్ లేదు.

పాప్‌కార్న్:
ఉత్తరాలు రాసిపెట్టే మనిషిగా ఇర్ఫాన్ ఖాన్ కాసేపు కనబడతాడు, ఎవరైనా గమనించారా?

బొంగరం:
మాస్టారూ, నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న ఎరువుల కోసం ఇచ్చిన రెండొందలు పోగొట్టాను. ఇంటికెళ్తే చంపుతాడని అట్నుంచి అటే పట్నం వెళ్ళిపోయా. బస్టాండు పక్కన టిఫిన్ హోటల్లో గ్లాసులు కడిగేవాణ్ణి. మా ఊరి బస్సు రోజూ సాయంత్రం హోటల్ ఎదురుగానే ఆగేది. డ్రైవర్‌కి టీ ఇచ్చేది నేనే. జేబులో చార్జీ డబ్బులు ఎప్పుడూ ఉండేవి. రెండేళ్ళు ఎక్కలేదు. ఆ రెండొందలు చేతిలో లేకుండా ఏ మొహం పెట్టుకుని దిగాలి? ఇప్పుడు చెప్పండి లాజిక్.

లెక్కల మాస్టారు:
మీ కష్టానికి బాధగా ఉంది. కానీ మీ విషయం వేరు. సినిమాలో ఆ ముక్క చెప్పలేదు కదా.

కాగితం పడవ:
ఒక సమాచారం. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ చేశాక, సినిమాల్లో పిల్లల గురించి 2017లో నిబంధనలు పెట్టారు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, రోజుకు ఐదు గంటలు మించకూడదు, పిల్లవాడి సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. బాకీ ఎంత అంటే ఇప్పుడు చట్టమే చెబుతోంది.

కట్ చెప్పనోడు:
మా సెట్లో ఆ మాట విన్నవాడు ఒక్కడు లేడు మేడమ్. మేజిస్ట్రేట్ అనుమతా! కరెంటే పక్కింటి నుంచి లాగాం.

బొంగరం గారూ, ట్రస్ట్ మంచిదే. కానీ కూలి వేరు, దానం వేరు. ఆస్కార్ దాకా సినిమాను మోసిన మొహం ఎవరిది? ఆ మొహానికి చివరికి పట్టిన గతేంటి? షఫీక్ 'పతంగ్' అని ఇంకో సినిమాలో కనబడ్డాడు, తర్వాత ఆటో తోలుకునే గతి.

బొంగరం:
గతి ఏంటి గతి? పంతొమ్మిదేళ్ళ నుంచి నేను తోలేది ఆటోనే. ఇద్దరు పిల్లల్ని చదివించా. ఇందాకట్నుంచి సార్ సార్ అంటున్నా, నీ నోట్లోంచి వచ్చేది చూడు. జాలి అంటూనే మమ్మల్ని కిందేసి తొక్కుతావు. మీలాంటోళ్ళకి పేదోడు సినిమాలో చస్తే కళ, బయట ఆటో నడిపితే విషాదం.

పాప్‌కార్న్:
అన్నా, కూల్.

కట్ చెప్పనోడు:
నేను అన్నది ఆటోని కాదు. అవార్డు ఇచ్చిన దేశం తర్వాత ఆ 'పతంగ్' తప్ప ఇంకో వేషం ఇవ్వలేదే, దాని గురించి. అతనికి కావాల్సింది నటన. నాకూ అదే పిచ్చి, అందుకే కడుపు మండుతుంది. పదకొండు నెలల అద్దె మా అక్క కట్టింది. ఇప్పటికీ తీర్చలేదు. మా ఇంట్లో నాకూ 'గతి' అనే అంటారు.

బొంగరం:
అట్లా మొదటే చెప్పొచ్చుగా. నీ గొడవ నీ జీతం గురించి. నాది వేరే. నేనా సినిమా ఫోన్లో చూశా, స్టాండ్‌లో బండి ఆపుకుని. చివర్లో ఆ పిల్లాడు ఊరేగింపు జనంలోంచి బయటపడి, బొంగరం పట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు. ఓదార్చేవాడు లేడు, పాట లేదు. గ్లాసులు కడిగిన రెండేళ్ళూ నేను అట్లానే కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళకి ఎవరో చూశారు అనిపించింది. నాకు ఆ సినిమా ఏ బాకీ లేదు.

కట్ చెప్పనోడు:
నీకు లేదు, ఎందుకంటే నువ్వు చూసినవాడివి. అతను తెర మీద ఉన్నవాడు. నీకు వచ్చిన ఆ ఓదార్పు ఎవడి మొహం పెట్టి తీసిందో వాడికి వచ్చిందా అనేదే నా ప్రశ్న.

మొదటి ఆట:
నేను అడగాలనుకున్నది ఇదే, సరిగ్గా అడగడం చేతకాలేదు.

బొంగరం:
సరే, నీ మాటే అనుకుందాం. మరి నీ బిస్కెట్ పిల్లాడెక్కడున్నాడు? వెతికావా?

(ఈ పోస్టుకు మర్నాటి దాకా జవాబు లేదు.)

కట్ చెప్పనోడు:
లేదు. నిన్న రాత్రి పాత బ్యాగ్ తీసి కాల్‌షీట్లు చూశా. వాడి పేరు రాయలేదు. 'బస్తీ కుర్రాడు-2' అని ఉంది. ఆ చేతిరాత నాదే. సినిమా విడుదలే కాలేదు, ఆ ఏడుపు మాత్రం ఎవరి హార్డ్‌డిస్క్‌లోనో ఉంటుంది.

బొంగరం:
ఏ బస్తీ? ఏ ఊరు? నాకు మెసేజ్ పెట్టు. మా స్టాండ్ వాళ్ళు తిరగని సందు లేదు.

లెక్కల మాస్టారు:
500 సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.