అప్‌డేట్: ఎల్‌ఈడీలు తీసేశాం, రెన్యువల్ అయింది

15 ఏళ్లు నిండిన మా కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తోంది, పాత ఓనర్ పెట్టించిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు తీసేయాలా అని అడిగాను కదా. తీసేయమన్న అందరికీ థాంక్స్. ఒంగోలులో ఇన్‌స్పెక్షన్ పాసైంది, ఇంకో 5 ఏళ్లు టెన్షన్ లేదు.

ఎందుకు తీసేయాలో మా మెకానిక్ బాగా చెప్పాడు. హాలోజన్ (లోపల తీగ వెలిగే మామూలు బల్బు) కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో, అంటే బల్బు వెనక వెలుగుని ముందుకి పంపే మెరిసే గిన్నెలో, ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి పైకి కొడుతుంది. కేంద్ర మోటారు వాహనాల రూల్ 106 ప్రకారం లైటుకు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి బీమ్ కొట్టకూడదు. ఎదురుగా బైక్ మీద వచ్చే మనిషి కళ్లు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి! రాత్రిపూట కొత్తపట్నం రోడ్డులో బండి నడిపినవాళ్లకి ఆ బాధ తెలుసు, నా కారు వల్ల అది ఎవరికీ రాకూడదు.

60/55 వాట్ల (హై బీమ్‌కి 60, డిమ్‌కి 55) హెచ్4 రకం హాలోజన్ బల్బులు వేయించి, కారుని గోడకి ఎదురుగా నిలిపి డిమ్ బీమ్ కిందికి దించాం. పసుపు పట్టిన లైటు అద్దాలు కూడా పాలిష్ చేయించాం, వెలుగులో తేడా బాగా తెలుస్తోంది.

టాక్సీ ప్లేట్ ఉన్నవాళ్లకి లెక్క వేరు: బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి.