రిజర్వాయరు గట్టున గుడారాలకు భూమి ఇవ్వాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి

ఒడ్డు మనిషి:
మాది చింతపల్లి మండలంలో తాజంగి రిజర్వాయరుకు దగ్గరలో ఉన్న చిన్న గిరిజన గ్రామం. కొన్నేళ్ల క్రితం వరకు ఆ నీటి దగ్గరికి వచ్చేది మా పశువులు, వలలు వేసుకునే నలుగురు, పొలం దారిన పోయే ఆడవాళ్లు మాత్రమే. లంబసింగికి ‘ఆంధ్రా కాశ్మీరు’ అన్న పేరు పడిన తరువాత, అక్కడ బండి నిలపడానికి చోటు దొరకనివారంతా ఆరేడు కిలోమీటర్లు ముందుకు వచ్చి మా గట్టు మీద తేలుతున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు తెల్లవారుజామున మూడున్నరకే మా ఇళ్ల గోడల మీద హెడ్‌లైట్ల వెలుగు పడుతుంది. మంచు తేలుతున్నంతసేపు సందడిగా ఉంటుంది. ఎండ ఎక్కి తొమ్మిదిన్నర అయ్యేసరికి గట్టు మీద ఒక్కరూ ఉండరు.

ఈసారి సీజనుకు ముందే కింది ప్రాంతం నుంచి గిరిజనేతరుడు ఒకాయన వచ్చి, గట్టును ఆనుకుని ఉన్న మా బాబాయి ఎకరం భూమిని మూడేళ్ల కౌలుకు అడుగుతున్నారు. ఇరవై గుడారాలు వేస్తారట. కాగితాలు, కరెంటు మీటరు, బోర్డు అన్నీ బాబాయి పేరు మీదే ఉంటాయని, తాను పెట్టుబడి మాత్రమే పెడతానని చెబుతున్నారు. ఊళ్లోని కుర్రవాళ్లు ఒప్పుకోమంటున్నారు. పెద్దవాళ్లు మాత్రం పశువులు నీళ్లు తాగే రేవు ఆ ఎకరం పక్కనే ఉందని వెనకాడుతున్నారు. గ్రామసభలో ఈ విషయం మాట్లాడుకోవాలి. ఇటువంటి దశ దాటిన ఊళ్లవారు ఏం చూశారో చెబితే మాకు మేలు జరుగుతుంది.

ఘాట్ డ్రైవరు:
తమ్ముడూ, నేను నర్సీపట్నం నుంచి లంబసింగికి చాలా ఏళ్లుగా జీపు తోలుతున్నాను, కాబట్టి డబ్బు ఎక్కడ దిగుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. విశాఖ నుంచో రాజమండ్రి నుంచో రాత్రి బయలుదేరినవారు డీజిలు, బిర్యానీ పొట్లాలు, నీళ్ల సీసాలు, సరుకంతా కిందనే కొనుక్కుని ఘాట్ ఎక్కుతారు. కొండ మీద వారు జేబులో చెయ్యి పెట్టేది టీకి, బొంగులో చికెన్‌కు, ఫొటోలకు. మధ్యాహ్న భోజనానికి మళ్లీ కిందికి దిగిపోతారు. సంపాదన మీ ఊరికి దక్కాలంటే ఆ మనిషి కనీసం ఒక పూట భోజనం మీ దగ్గర చేయాలి, లేదా ఒక రాత్రి మీ ఇంట్లో పడుకోవాలి.

ఒక్క చలిమంట సంగతి చూడు. గుడారాలవారు దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. ఒక్కో గుడారం ముందు రాత్రికి ఒక కట్టెల మోపు కాలిపోతుంది. ఆ మోపును అడవి నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చేది మీ ఊరి ఆడపడుచే, కానీ ఆమెకు దక్కేది మోపు ఖరీదు, మంట ఖరీదు కాదు. ఇరవై గుడారాలు రెండు నెలలు నడిస్తే ఎన్ని మోపులవుతాయో బాబాయిని లెక్కవేయమను. ఆ తరువాత ఊళ్లో పొయ్యిలోకి కట్టెలు ఎంత దూరం వెళ్లి తెచ్చుకోవాలో పిన్నిని అడుగు.

పాడేరు వకీలు:
మీ బాబాయి ముందుకు వచ్చిన ప్రతిపాదనకు వాడుకలో ‘బినామీ’ అని పేరు. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. వాటిని 1970లో సవరించిన ఒకటో రెగ్యులేషన్‌నే అందరూ 1/70 అంటారు. దీని ప్రకారం ఏజెన్సీలోని భూమిని గిరిజనేతరుడికి అమ్మడం ఒక్కటే కాదు, కౌలుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం, దానంగా ఇవ్వడం కూడా చెల్లవు, ఎందుకంటే ‘బదలాయింపు’ అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే కౌలు ఉంది. కాబట్టి ఆయన మీ బాబాయి చేత రాయించుకునే కాగితానికి విలువ లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందుకే అన్నీ మీ బాబాయి పేరు మీద ఉంచుతానంటున్నారు.

దీనివల్ల జరిగేదేమిటంటే, లాభం ఆయన ఖాతాలోకి పోతుంది, బాధ్యత మాత్రం మీ ఇంట్లో ఉండిపోతుంది. గుడారంలో నిప్పు అంటుకున్నా, ఎవరైనా నీళ్లలో పడినా, కరెంటు బిల్లు కట్టకపోయినా పోలీసులు, అధికారులు వెతికేది మీటరు మీద ఉన్న పేరునే. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సరిగ్గా ఇటువంటి బిల్లు పట్టుకునే వచ్చింది. పెట్టుబడి పెట్టిన మనిషి రెండో సీజను సగంలో గుడారాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

చట్టంలోనే మరో దారి కూడా ఉంది. సభ్యులందరూ గిరిజనులే అయిన సహకార సంఘానికి భూమిని బదలాయించడానికి 1/70 అడ్డు చెప్పదు. ఊరివారే అటువంటి సంఘంగా ఏర్పడితే ఎకరం సంఘం చేతిలో ఉంటుంది, బాబాయికి కౌలూ వస్తుంది. ఇక నీటి మాటకు వస్తే, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని చెబుతోంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేపల మీద, మేత మీద సామూహిక హక్కును గుర్తించింది. మీ రిజర్వాయరు ‘చిన్న నీటి వనరు’ కిందికి వస్తుందా అన్నది మాత్రం నోటి మాటగా వదిలేయకుండా, సంబంధిత ఇంజనీరు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

విశాఖ యాత్రికురాలు:
నేను మీ గట్టు మీదికి వచ్చి వెళ్లినవారిలో ఒకతెను, కాబట్టి కొంచెం తప్పు ఒప్పుకుంటూ రాస్తున్నాను. నిరుడు మేము ఏడుగురం వచ్చాము. ఆడవాళ్లు వెళ్లడానికి మరుగుదొడ్డి ఎక్కడుందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు, చివరికి ఒక ఇంటివారు తమ దొడ్డి వాడుకోమన్నారు. వెళ్తూ వెళ్తూ డబ్బు ఇవ్వబోతే ఆ ఇంటావిడ తీసుకోలేదు. మా తరువాత ఇంకా ఎంతమంది ఆ తలుపు తట్టి ఉంటారో, ఆమె ఎన్ని బిందెల నీళ్లు మోసి ఉంటుందో ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

ఇంకొకటి మరిచిపోలేకపోతున్నాను. మా బృందంలోని ఒక అబ్బాయి డ్రోన్ ఎగరేశాడు. రేవులో బిందె తోముకుంటున్న ఒక పెద్దావిడ ఆ శబ్దానికి తల ఎత్తి చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుని, బిందె అక్కడే వదిలేసి గట్టు ఎక్కి వెళ్లిపోయింది. ఆ వీడియోలో ఆమె కనిపిస్తుంది, బిందె కూడా కనిపిస్తుంది. దాన్ని తీసేయమని నేను చెప్పేసరికి ఎంతోమంది చూసేశారు. రేవు దగ్గర ఫొటోలు తీయరాదని ఒక బోర్డు ఉంటే మేము తప్పకుండా ఆగేవాళ్లం. రుసుము పెట్టినా కట్టేవాళ్లం. అరకు దారిలో వలిసె పూల చేలలోకి దిగడానికి రైతులు మనిషికింత అని తీసుకుంటారు, అక్కడ ఎవరూ నోరెత్తకుండా ఇస్తున్నారు.

స్ట్రాబెర్రీ తోట:
ఇక్కడ అందరూ భయపెట్టేవారే కనిపిస్తున్నారు, కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. నాదీ చింతపల్లి మండలమే. డిగ్రీ చదివి విశాఖలో మాల్ సెక్యూరిటీగా రెండేళ్లు నిలబడ్డాను. ఇప్పుడు అర ఎకరంలో స్ట్రాబెర్రీ వేసి, రోడ్డు పక్కనే డబ్బాల్లో అమ్ముకుంటున్నాను. యాత్రికులే రాకపోతే ఆ పండు కింది మార్కెట్టుకు చేరేలోపే మెత్తబడిపోతుంది. మా అక్క మిరియాలు, పసుపు, రాజ్‌మా పొట్లాలు కట్టి అమ్ముతుంది, సంతలో దళారి చెప్పే ధరకు తల ఊపవలసిన అవసరం ఆమెకు ఇప్పుడు లేదు. పెద్దలు వద్దంటున్నారంటే వారి కారణాలు వారికి ఉండవచ్చు, కానీ వద్దన్న ఊళ్ల కుర్రవాళ్లు ఎక్కడ ఉన్నారో కూడా ఒకసారి చూడాలి.

గుడారాల కన్నా గదులు మేలు. 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో దేశమంతటా 1000 గిరిజన హోంస్టేలకు సాయం చేయాలని పెట్టుకున్నారు. కొత్త గదులకు 5 లక్షల రూపాయల వరకు, ఉన్న గదుల మరమ్మతుకు 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు ఇస్తామని అందులో ఉంది. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏలో అడిగి చూడండి. ఆ ఉమ్మడి డబ్బుతో పైన అక్కగారు చెప్పిన మరుగుదొడ్లు కట్టవచ్చు.

పాములేరు వాగు:
మారేడుమిల్లి వైపు నుంచి రాస్తున్నాను. మా దగ్గర వలమూరు తదితర ఊళ్ల గిరిజనులే అటవీశాఖ తోడ్పాటుతో వనసంరక్షణ సమితి ద్వారా విడిదులు నడపడం చాలా కాలంగా ఉంది. వంట, కాపలా, అడవిలో దారి చూపడం అన్నీ ఊరివారి పనులే. అది నడవడానికి నాకు తెలిసిన కారణం ఒక్కటే, వంతు. ఈ వారం వండిన ఇల్లు వచ్చే వారం వండదు. మొదట్లో బాగా వండే ఇద్దరికే పని దొరికితే మిగతావారు మొహం మాడ్చుకున్నారు, కొన్నాళ్లు పలకరింపులు కూడా తెగిపోయాయి. వంతుల పుస్తకం గోడకు వేలాడదీసిన తరువాతే ఊరు సర్దుకుంది. రుచి కొంచెం అటూ ఇటూ అయినా అతిథులు ఎవరూ ఫిర్యాదు చేసిన గుర్తు లేదు.

అయితే ఇది చూసి రోడ్డు పొడవునా ప్రైవేటు విడిదులు వచ్చాయి. వాటిలో ఏసీలు ఉంటాయి, మా వాటిలో ఉండవు. ఇప్పటికీ పోటీ కష్టంగానే ఉంది.

కొర్రబయలు మాస్టారు:
లంబసింగికి మనవారు పెట్టుకున్న పేరు కొర్రబయలు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని. ఆ చలినే ఇప్పుడు జనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. మీరంతా ఎక్కి వస్తున్న ఆ ఘాట్ రోడ్డు సంగతి కూడా కుర్రవాళ్లకు చెప్పాలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కాలంలో మనవారిని రోడ్డు పనికి వెట్టికి తోలారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి వెనుక ఉన్న కడుపుమంటల్లో అదొకటి. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టింది కూడా ఆ చరిత్ర కోసమే, దానికి వచ్చేవారూ రేపు మీ గట్టు మీదికే వస్తారు. అందుచేత మీరు ఒక్క సీజను గురించి ఆలోచిస్తే సరిపోదు.

గాజు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాల మీద నిషేధం ఉంది, కానీ ఆ జాబితాలో నీళ్ల సీసా లేదు, బీరు సీసా ఎలాగూ లేదు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి నాట్లకు బురదలో దిగి, పగిలిన సీసా అడుగు గుచ్చుకుని నెల రోజులు మంచంలో ఉంది. ఆ సీసా తాగినవారు ఆ మడిని చూసి కూడా ఉండరు, రోడ్డు మీద నుంచి విసిరి ఉంటారు. గట్టు మీదికి వచ్చే దారిలో గేటు ఒకటి పెట్టి, లోపలికి వెళ్లే సీసాలు లెక్కపెట్టి, ఒక్కోదానికి డిపాజిట్టు తీసుకుని, తిరిగి వెళ్లేటప్పుడు లెక్క సరిపోతేనే డబ్బు ఇవ్వండి.

ములుగు వాసి:
లక్నవరం ఆయకట్టు రైతుగా ఒక్క మాట. కాకతీయుల నాటి ఆ చెరువును ఇప్పుడు చాలామంది వేలాడే వంతెన వల్లనే గుర్తుపడతారు, మాకు మాత్రం అది తూముల చెరువు. పొలాలకు నీళ్లు వదిలితే మట్టం దిగుతుంది, మట్టం దిగితే చెరువు చూడడానికి బాగుండదు. పడవల వ్యాపారం పెరిగినకొద్దీ నీళ్లు నిలిపి ఉంచమనే కోరిక కూడా పెరుగుతుంది. నీళ్లు ఎప్పుడు వదలాలో సాగు లెక్క ప్రకారమే తేలాలని మీ తీర్మానంలో ముందే రాసుకోండి.

గోదావరి గట్టు:
పడవల మాట వచ్చింది కాబట్టి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర బోటు మునిగి దాదాపు యాభై మంది పోయారు. ఆ తరువాత మా వైపు షికారు బోట్లు చాలా కాలం కదలలేదు, వాటి మీద బతికేవారంతా ఇళ్లలో కూర్చున్నారు. ఒక్క ప్రమాదం ఊరి బతుకుతెరువును మొత్తంగా ఆపేయగలదు. మీ దగ్గర ఎవరు పడవ నడిపినా లైఫ్ జాకెట్టు చేత్తో పట్టుకుని కూర్చునేవారిని ఎక్కించుకోవద్దు, తొడుక్కుని బకిళ్లు పెట్టుకున్నాకే పడవ కదలాలి. ఫొటో బాగా రాదని విప్పేసేవారు ప్రతి పడవలోనూ ఒకరుంటారు.

ఒడ్డు మనిషి:
అందరికీ నమస్కారాలు. నిన్న గ్రామసభ జరిగింది. వకీలు గారు రాసింది చదివి వినిపిస్తే బాబాయి చాలాసేపు మాట్లాడలేదు, తరువాత మీటరు సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. రేవుకు ఇరువైపులా పది బారల మేర ఎవరూ గుడారం వేయకూడదని, బండ్లు నిలపకూడదని అందరూ ఒప్పుకున్నారు. ఈ ఉదయమే రాళ్లు పాతి సున్నం కొట్టాము. గేటు, సీసాల డిపాజిట్టు మాస్టారు గారు చెప్పినట్టే పెడుతున్నాము, మొదటి వారం వంతు మా ఇంటిది.

సహకార సంఘం దగ్గర మాత్రం మాట తెగలేదు. కుర్రవాళ్లకు ఈ సీజనే కావాలి, సంఘం రిజిస్ట్రేషనుకు ఎన్నాళ్లు పడుతుందో అని వారి బెంగ. కౌలుకు అడిగినాయన శనివారం అడ్వాన్సు పట్టుకుని వస్తానని ఫోను చేశాడు. బాబాయి రావద్దని చెప్పలేదు, రమ్మనీ అనలేదు. వకీలు గారూ, వీలైతే శుక్రవారం సాయంత్రం ఒకసారి ఆయనతో ఫోనులో మాట్లాడతారా?

పాడేరు వకీలు:
మాట్లాడతాను. అంతవరకు బాబాయిని ఖాళీ కాగితం మీద గానీ, స్టాంపు పేపరు మీద గానీ వేలిముద్ర వేయవద్దని చెప్పండి. అడ్వాన్సు కూడా తీసుకోవద్దు.