నియాండర్తల్‌లు ఇంకా బతికే ఉంటే మనం వాళ్ళను ఏం చేస్తాం?

చెకుముకి:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. నియాండర్తల్‌లు మనకు దగ్గరి చుట్టాలైన మరో మానవజాతి. వాళ్ళు దాదాపు 40,000 ఏళ్ళ కిందట అంతరించిపోయారు. అలా జరక్కుండా, సైబీరియాలో ఆల్టాయ్ కొండల వెనక ఎవరూ అడుగు పెట్టని లోయలో ఓ రెండు మూడొందల మంది మిగిలారని, రేపు ఆ సంగతి బయటపడిందని అనుకుందాం. అప్పుడు మనం ఏం చెయ్యాలి?

నా మట్టుకు నాకు సందేహమే లేదు. పౌరసత్వం, ఓటు, చదువు, వైద్యం అన్నీ ఇవ్వాలి. వాళ్ళ మెదడు పరిమాణం మన మెదడుకు తీసిపోదు. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన అస్థిపంజరంలో నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక అచ్చం మనకున్నట్టే ఉంది. అంటే మాట్లాడేవాళ్ళనే అనుకోవాలి. భూర్జ చెట్టు బెరడును కాల్చి జిగురు తీసి, రాతి ములుకులను కర్రకు అతికించారు. ఫ్రాన్స్‌లోని బ్రూనికెల్ గుహలో, బయటి వెలుతురు చొరబడని చోట, సున్నపురాతి స్తంభాలను విరగ్గొట్టి వలయాలుగా పేర్చారు. అది దాదాపు 1,76,000 ఏళ్ళ కిందటి పని. దివిటీ పట్టుకుని అంత లోపలికి వెళ్ళి పని చేసుకొచ్చినవాళ్ళను మనుషులు కారని ఎలా అంటాం?

సూటిప్రశ్న:
చెకుముకి గారూ, ఆవేశం పక్కన పెట్టి చట్టం చూడండి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో మొదటి అధికరణమే మనుషులకు హేతువు (ఆలోచించి తర్కించే శక్తి), అంతరాత్మ ఉన్నాయని చెబుతుంది. ఆ రెండూ నియాండర్తల్‌లకు ఉన్నాయో లేదో తేల్చకుండా ఓటు ఎలా ఇస్తారు? ముందు ఒక పరీక్ష పెట్టాలి. నెగ్గితే అన్ని హక్కులూ ఇద్దాం. నెగ్గకపోతే రక్షణ కల్పిద్దాం. ఇందులో అన్యాయం ఏముంది?

బరి:
ఒక్క విషయం చెప్పండి. రెజ్లింగ్, వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాళ్ళను ఏ విభాగంలో దించుతారు? పొట్టిగా ఉన్నా ఎముకలు మందం, ఛాతీ వెడల్పు. మన పిల్లలు వాళ్ళ ముందు నిలవగలరా?

లోలకం:
మంచి చర్చ. చదువుతున్నాను.

కొండగాలి:
ఏమీ ఇవ్వొద్దు. ఆ లోయ చుట్టూ హద్దు గీసి, మనవాళ్ళెవరూ అటు వెళ్ళకుండా చూడాలి. చెయ్యాల్సింది అదొక్కటే.

అండమాన్‌లో బయటివాళ్ళతో కలవని తెగ ఉండే ఉత్తర సెంటినల్ దీవి సంగతి మీకు తెలిసిందే. 1880లో బ్రిటిష్ అధికారి ఒకాయన అక్కడి నుంచి ఆరుగురిని పోర్ట్‌బ్లెయిర్ పట్టుకెళ్ళాడు. పెద్దవాళ్ళిద్దరూ జబ్బుపడి చనిపోయారు. నలుగురు పిల్లలను ఏవో కానుకలిచ్చి మళ్ళీ దీవిలో వదిలిపెట్టారు. ఆ పిల్లలతో పాటు ఏ రోగాలు వెళ్ళాయో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆ దీవి దగ్గరికి ఎవరూ పోకూడదని చట్టం ఉంది. ఉంది కాబట్టే వాళ్ళింకా ఉన్నారు.

నిశిత:
హద్దు గీయడమంటే కంచె వెయ్యడమేగా, కొండగాలి గారూ? కంచెకు ఇవతల నిలబడి చూసేవాళ్ళు కూడా వస్తారు. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ణి కోతుల ఇంట్లో పెట్టి జనానికి చూపించారు. అతను మనలాంటి మనిషే, అందులో ఎవరికీ అనుమానం ఉండే వీల్లేదు. అయినా చూపించారు. నియాండర్తల్ విషయంలో మనం అంతకంటే మర్యాదగా ఉంటామని నమ్మకమేంటి? హక్కులు కాగితం మీద ఉండాల్సిందే, మొదటి రోజు నుంచే ఉండాల్సిందే.

సూటిప్రశ్న గారి పరీక్షకు నేను పూర్తిగా వ్యతిరేకం. కారణం తర్వాత చెబుతాను.

వార్డు_డ్యూటీ:
ఓటు, చదువు అంటున్నారు గానీ అంతవరకూ బతికుండాలి కదా. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. చిన్న గుంపుగా బతికేవాళ్ళకు జన్యువుల్లో వైవిధ్యం ఉండదు. ఆల్టాయ్‌లోనే డెనిసోవా గుహలో దొరికిన ఒక నియాండర్తల్ స్త్రీ జన్యువులు చూస్తే, ఆమె తల్లిదండ్రులు సవతి తోబుట్టువులంత దగ్గరి బంధువులని తేలింది. ఇంకో సంగతి. కోవిడ్‌ను తీవ్రం చేసే ఒక జన్యుభాగం మనకు నియాండర్తల్‌ల నుంచే వచ్చిందని 2020లో జన్యు శాస్త్రవేత్తలు స్వాంటే పాబో, హ్యూగో జెబెర్గ్ చూపించారు. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉంది. క్రొయేషియాలోని విండియా గుహ నియాండర్తల్‌లో కూడా ఉంది. కెమెరా పట్టుకుని లోయలోకి వెళ్ళే మొదటి మనిషికి జలుబుంటే చాలు, కథ అక్కడే ముగుస్తుంది.

చెకుముకి:
అందుకే వైద్యం ఇవ్వాలంటున్నాను. టీకాలు వెయ్యాలి.

వార్డు_డ్యూటీ:
ఎవరి అనుమతితో వేస్తారు? సూది అంటే ఏమిటో తెలియని మనిషిని పట్టుకుని పొడిస్తే దాన్ని వైద్యం అనరు. మాట తెలియని రోగి చేత వేలిముద్ర వేయించి ఆపరేషన్‌కు తీసుకెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఆయన వేలికంటిన సిరాను దుప్పటికి తుడుచుకుంటూ మా వైపే చూస్తుండిపోయాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయనను ఏం అడిగామో ఈరోజుకీ ఆయనకు తెలియదు.

బరి:
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. మా అమ్మాయి కుస్తీ పడుతుంది. వయసు తగ్గించి చూపించిన ఓ పెద్ద పిల్లను ఆమె మీదికి దించారు, భుజం జారింది. ఫిర్యాదు చేస్తే కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. సమాన హక్కులు అన్న ప్రతిసారీ సమానం కాని శరీరాలను ఒకే బరిలోకి తోస్తారు. దెబ్బ తినేది బలం తక్కువున్న పిల్లే. అందుకే అడుగుతున్నాను.

నిశిత:
బరి గారూ, మీ అమ్మాయికి జరిగింది అన్యాయమే. కానీ అది తప్పుడు కాగితాలు పుట్టించినవాళ్ళ నేరం. దానికీ ఒక జాతి హక్కులకూ ముడి పెట్టకండి.

సూటిప్రశ్న:
మళ్ళీ అసలు విషయానికొస్తాను. హేతువు ఉందని రుజువు చెయ్యాలా, వద్దా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి. చెకుముకి గారు చెప్పిన జిగురు, వలయాలు అన్నీ రుజువులేగా? అంటే ఆయన కూడా పరీక్ష పెడుతున్నట్టే. నేను ఆ మాట పైకి అన్నాను, అంతే తేడా.

చెకుముకి:
నేను పరీక్ష పెట్టడం లేదు, వాళ్ళు మనలాంటివాళ్ళేనని చూపిస్తున్నాను. 2010లో వాళ్ళ జన్యుపటం ముసాయిదా వచ్చినప్పటి నుంచీ మనకు తెలుసు, ఆఫ్రికా బయటి మూలాలున్న ప్రతి ఒక్కరిలో, ఇప్పటి లెక్క ప్రకారం, 1 నుంచి 2 శాతం దాకా నియాండర్తల్ వారసత్వం ఉంది. రుమేనియాలోని ఓసే గుహలో దొరికిన 40,000 ఏళ్ళ నాటి మనిషికైతే నాలుగు నుంచి ఆరు తరాల కిందట ఒక నియాండర్తల్ పూర్వీకుడున్నాడు. మన రక్తంలోనే ఉన్నవాళ్ళను పరాయివాళ్ళని ఎలా అంటాం?

లోలకం:
ఆఫ్రికన్లలో ఆ వాటా చాలా తక్కువ కదా. మరి రక్తం లెక్కన హక్కులైతే ఎటు పోతాం?

కొండగాలి:
లోలకం గారు సరిగ్గా పట్టుకున్నారు. చెకుముకి గారూ, మీరు ప్రేమతోనే రాస్తున్నారు, తెలుసు. కానీ మీ ప్రతి వాక్యం "వాళ్ళు మనలా ఉన్నారు కాబట్టి" అనే దగ్గరే మొదలవుతోంది. తర్వాతి మెట్టు నాకు బాగా తెలుసు. మనలా ఉన్నారు కాబట్టి మన బడికి రావాలి, మన బట్ట కట్టాలి, మన మాట మాట్లాడాలి.

నన్ను చిన్నప్పుడే మా వాళ్ళ నుంచి తీసుకెళ్ళి హాస్టల్లో వేశారు. మంచి ఉద్దేశంతోనే. మొదటి రోజే జుట్టు కత్తిరించారు. సెలవులకు వెళ్తే మా నాయనమ్మ మాట్లాడేది సగమే అర్థమయ్యేది, నేను మాట్లాడేది ఆమెకు అసలు అర్థమయ్యేది కాదు. నా తల మీద చెయ్యి వేసి, ఒకప్పుడు జుట్టున్నచోట నిమురుతూ కూర్చునేది. ఆమెతో నేను ఒక్క పూర్తి సంభాషణ చెయ్యకుండానే ఆమె పోయింది. మీ "పూర్తి హక్కులు" అంటే నాకు ఆ హాస్టలే గుర్తొస్తుంది.

నిశిత:
మీ బాధ అర్థమైంది. కానీ దాన్నుంచి మీరు తీసిన తీర్పు దారుణం. చదువు పేరుతో మీకు అన్యాయం జరిగింది కాబట్టి, వాళ్ళందరినీ లోయలో వదిలేసి తలుపు మూసెయ్యమంటున్నారు. పిల్ల కాలు విరిగి చీము పట్టినా చూస్తూ ఊరుకోమంటారా? దీన్ని గౌరవం అంటారా? ఇది జంతు సంరక్షణ కేంద్రం నడిపేవాళ్ళ భాష.

కొండగాలి:
నన్ను జంతువులను కాపలా కాసేవాడినంటారా? మా వాళ్ళను ఆ మాటన్నది మీలాంటి చదువుకున్నవాళ్ళే. ఎప్పుడూ మీరే వస్తారు, మీరే కొలుస్తారు, మీరే జాలిపడతారు. ఒక్కసారైనా రావొచ్చా అని అడిగారా?

నిశిత:
నన్ను "మీలాంటివాళ్ళు" అనకండి! నేనెవరో మీకేం తెలుసు?

నిర్వాహకులు:
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. విషయం మీదే రాయండి.

నిశిత:
సరే, విషయమే రాస్తాను. పరీక్షకు ఎందుకు వ్యతిరేకమో చెబుతానన్నాను కదా.

మా తమ్ముడికి మాటలు రావు. బడిలో చేర్చడానికి తీసుకెళ్తే ఒకావిడ బల్ల మీద ఎర్ర దిమ్మలు, పసుపు దిమ్మలు పెట్టి రంగుల వారీగా వేరు చెయ్యమంది. వాడు వాటిని ఒక్కొక్కటే తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. దోసిలి నిండాక ఇంకోటి పట్టక, ఆవిడ రెండో చెయ్యి కూడా లాగి తెరిచాడు. ఆవిడ అవన్నీ బల్ల మీద పోసేసి కాగితం మీద ఏదో అంకె వేసింది. ఆ అంకె చూపించి "వేరే గది" అన్నారు. వెనక వైపు, మరుగుదొడ్ల పక్కన. వాళ్ళకూ మంచి ఉద్దేశమే, అక్కడైతే ఎవరూ ఏడిపించరన్నారు. ఎవరూ ఏడిపించలేదు. అసలు ఎవరూ రాలేదు. పాఠం చెప్పేవాళ్ళు కూడా.

సూటిప్రశ్న గారి పరీక్షలో వాడు తప్పుతాడు. చెకుముకి గారి జాబితాలో జిగురు తియ్యడం, వలయాలు పేర్చడం ఉన్నాయి, అవీ వాడికి రావు. కొండగాలి గారు "వేరుగా ఉంచుదాం" అన్నప్పుడు నాకు కనిపించేది ఆ వెనక గది.

ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన నియాండర్తల్‌కు కుడిచేయి మోచేతి దగ్గర నుంచి లేదు. ఎడమ కంటి వైపు ముఖం చితికిపోయి ఉంది, చెవులూ సరిగ్గా వినిపించేవి కావు. అయినా నలభై ఏళ్ళు దాటి బతికాడు. అంటే పక్కనున్నవాళ్ళు సాయపడ్డారనే కదా అర్థం. వాళ్ళు ఆయనకు ఏ పరీక్షా పెట్టలేదు, వెనక గదిలోనూ పెట్టలేదు.

వార్డు_డ్యూటీ:
🙏

సూటిప్రశ్న:
మీ తమ్ముడు మనిషే, అందులో ప్రశ్నే లేదు. నేను అడిగింది వేరే జాతి గురించి. రెండూ కలపకండి.

నిశిత:
కలిపింది నేను కాదండీ. హక్కుకు హేతువు కావాలన్నది మీరు. మా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆ షరతు ఎందుకు ఎత్తేశారు? మనిషి కడుపున పుట్టాడని అంటే, మీ ప్రమాణం హేతువు కాదు, పుట్టుక. అదే ప్రకటనలో ఆరో అధికరణం చూడండి. ప్రతి ఒక్కరూ ఎక్కడున్నా చట్టం ముందు వ్యక్తిగా గుర్తింపు పొందాలని ఉంది. పరీక్ష రాశాక అని లేదు.

కొండగాలి:
నిశిత గారూ, మీకు "వేరుగా" అంటే పారేసిన గది. నాకు "కలిపి" అంటే కత్తిరించిన జుట్టు. మనం ఇంతసేపు వాదించుకుంటున్నది నియాండర్తల్‌ల గురించి కాదు.

అయినా నా మాట మార్చుకోను. ఆ గది మీ తమ్ముడిది కాదు, బడివాళ్ళది. లోయ అలా కాదు, వాళ్ళది. సొంత నేల మీద ఉన్నవాణ్ణి కదిలించకపోవడం వెలివెయ్యడం కాదు.

నిశిత:
అయితే ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. 1911లో కాలిఫోర్నియాలో ఇషీ అనే ఆయన అడవిలోంచి తనంతట తానే బయటికొచ్చాడు. తన యాహి తెగలో అందరూ పోయి ఒక్కడే మిగిలాడు, ఆకలితో ఉన్నాడు. అలాగే ఆ లోయలోంచి ఒకమ్మాయి నడుచుకుంటూ మీ హద్దు దాటి వచ్చింది. ఒంట్లో బాగాలేదు. మీరు కాపలాగా ఉన్నారు. వెనక్కి పంపేస్తారా?

కొండగాలి:
పంపను. వైద్యం చేయిస్తాను. కానీ ఇషీ కథ సగంలో ఆపేశారు. ఆయన్ను విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంచారు. బాణపు ములుకులు చెక్కి చూపిస్తుంటే జనం వచ్చి చూసేవాళ్ళు. 1916లో క్షయతో పోయాడు. మెదడు తీసి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థకు పంపారు, అది బంధు తెగల చేతికి తిరిగొచ్చేసరికి 2000 సంవత్సరం అయింది. ఆయనతో మంచిగా ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, స్నేహితులు కూడా. వాళ్ళెవరికీ ఆయన అసలు పేరు తెలియదు. ఆ అమ్మాయికి జ్వరం తగ్గిన మర్నాడు ఏం జరుగుతుందో చెప్పండి. ఎవరు కొలుస్తారు, ఎవరు రక్తం తీస్తారు, ఎవరు ఫోటో అమ్ముకుంటారు?

చెకుముకి:
రక్త నమూనా తీసుకోకపోతే ఆమెకే నష్టం కదా. ఏ మందు పడుతుందో ఎలా తెలుస్తుంది?

వార్డు_డ్యూటీ:
ఆమె వైద్యానికి కావలసినంత తియ్యొచ్చు. పరిశోధనకు ఒక్క చుక్క కూడా ఎక్కువ తియ్యకూడదు. ఈ రెండిటికీ మధ్య గీత ఎవరు గీస్తారో ముందే రాసి ఉండాలి. ఆసుపత్రిలో ఆ గీత ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో నాకు తెలుసు.

నిశిత:
మర్నాడు ఆమెనే అడగాలి. ఉంటావా, వెళ్తావా అని. అడగాలంటే భాష కావాలి. దాన్ని నేర్చుకోవాల్సింది మనం, ఆమె కాదు. అది వచ్చేదాకా ఎవరూ ఆమెను బడికీ పంపకూడదు, లోయకీ పంపకూడదు. ఆమె తరఫున మాట్లాడే ఒక మనిషిని చట్టం పెట్టాలి. ఆ మనిషి పరిశోధకుడు కాకూడదు.

కొండగాలి:
ఆ మనిషిని ఎవరు నియమిస్తారు? మళ్ళీ మనమే కదా. అక్కడే నాకు నమ్మకం లేదు. మీకు ఉంది.

నిశిత:
నాకూ లేదండీ. అయినా ఎవరో ఒకరు ఉండాలంటాను. ఆ వెనక గదికి ఎవరూ రాకపోతే ఏమవుతుందో నేను చూశాను.

బరి:
ఆ అమ్మాయి ఆడతానంటే?