రెడింగ్‌లో మ్యాథ్స్ టీచర్ ట్రైనింగ్‌కి ఏ కాలేజీ మంచిది?

నమస్కారం అండీ. మావారి ఉద్యోగం మీద ఈమధ్యే ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాం. నాది డిపెండెంట్ వీసా. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్ చేసి గుంటూరులో హైస్కూల్ పిల్లలకు నాలుగేళ్లు చెప్పాను. ఇక్కడ సెకండరీ టీచర్ కావాలంటే పీజీసీఈ (మన బీఎడ్ లాంటి కోర్సు) ఎక్కడ చేయాలి? ర్యాంకింగ్ చూసుకుని అప్లై చేయనా?

స్లౌ నుంచి:
ర్యాంకింగ్ పక్కన పెట్టు చెల్లీ. కోర్సుతోపాటు క్యూటీఎస్, అంటే ఇక్కడ టీచర్‌గా అధికారిక గుర్తింపు, ఇస్తారా లేదా, అది ముందు చూడు. క్యూటీఎస్ లేని పీజీసీఈలు కూడా అమ్ముతారు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో. రెండోది ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగంగా స్కూల్లో చేసే శిక్షణ. కనీసం 120 రోజులు, కనీసం రెండు స్కూళ్లలో పనిచేయాలి. ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే గడుస్తుంది కాబట్టి ఆ స్కూళ్లు ఎక్కడో ఇంటర్వ్యూలోనే అడుగు.

నాకు కాలేజీ లండన్‌లో దగ్గరే దొరికింది. స్కూల్ మాత్రం ఊరికి అటు చివర వేశారు. ఒక ట్రైన్, రెండు బస్సులు. చలికాలం చీకట్లోనే బయల్దేరాలి, అప్పటికి మా బాబు స్కూల్లో బ్రేక్‌ఫస్ట్ క్లబ్ కూడా తెరవరు. ఆఫీసుకి రాస్తే గంటన్నర లోపే కదా అన్నారు. ఆ లెక్క కారులో వెళ్తే! స్కూల్ మార్చమని టర్మ్ అంతా అడుగుతూనే ఉన్నా, ఒక్కరూ సరిగా జవాబివ్వలేదు. చివరికి మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి బాబుని చూసుకుంటే కోర్సు గట్టెక్కింది. ఇండియా లైసెన్స్ ఇక్కడ 12 నెలలే చెల్లుతుంది, డ్రైవింగ్ టెస్ట్ ఇప్పుడే బుక్ చేసుకో.

మిల్టన్ కీన్స్ నుంచి:
యూకాస్‌లో (కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్) తొందరగా అప్లై చేయండి, మంచి సీట్లు ముందే అయిపోతాయి.

హౌన్‌స్లో నుంచి:
అన్నగారూ, టీచర్ ట్రైనింగ్‌కి యూకాస్ ఇప్పుడు స్కాట్లండ్, వేల్స్ వాళ్లకే. ఇంగ్లండ్‌లో టీచర్ ట్రైనింగ్‌కి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి.

అసలు ఈ అమ్మాయికి కాలేజీ ఎందుకండీ? 2023 నుంచి ఇండియా టీచర్లు కూడా నేరుగా క్యూటీఎస్‌కి అప్లై చేసుకోవచ్చు. మ్యాథ్స్, సైన్స్, లాంగ్వేజెస్ వాళ్లకు, 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉంటే. తనకి అన్నీ ఉన్నాయి. డిపెండెంట్ వీసా మీద మామూలుగా ఇంటర్నేషనల్ ఫీజు పడుతుంది, అంత డబ్బు ఎందుకు పోయడం?

మిల్టన్ కీన్స్ నుంచి:
యూకాస్ సంగతి సరే, ఒప్పుకుంటాను. కానీ క్యూటీఎస్ చేతికొచ్చినంత మాత్రాన ఇక్కడి తొమ్మిదో తరగతి కుదురుగా కూర్చోదు. మన దగ్గరిలాగా టీచర్ రాగానే లేచి నిలబడే పిల్లలు కారు. ట్రైనింగ్‌లో పక్కన మెంటర్ ఉంటారు. చాలామందికి ప్లేస్‌మెంట్ స్కూల్లోనే ఉద్యోగం కూడా దొరుకుతుంది.

హౌన్‌స్లో నుంచి:
అది నేర్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు. డిపెండెంట్లు ఉద్యోగం చేయొచ్చు కదా. టీచింగ్ అసిస్టెంట్‌గానో కవర్ సూపర్‌వైజర్‌గానో (టీచర్ రాని రోజు క్లాసు చూసుకునేవాళ్లు) రెండు టర్మ్‌లు చేస్తే క్లాసు తీరు తెలుస్తుంది, జీతమూ వస్తుంది.

స్లౌ నుంచి:
ఇద్దరూ తర్వాత తేల్చుకోండి. చెల్లీ, ముందు క్యూటీఎస్‌కి నేరుగా అప్లై చెయ్యి. అది కుదరకపోతే పీజీసీఈ. దానికి ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో జీసీఎస్‌ఈ (మన టెన్త్ లాంటి పరీక్ష) గ్రేడ్ 4కి సమానమైన చదువు చూపించాలి, విదేశీ చదువులు ఇక్కడ దేనికి సమానమో చెప్పే యూకే ఎనిక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. ఎటు వెళ్లినా గుంటూరు స్కూల్ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పుడే తెప్పించుకో. ‘టీచర్‌గా పనిచేశారు’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఏ సబ్జెక్ట్, ఏ తరగతులు, పిల్లల వయసెంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్నీ రాయించి సంతకం, స్టాంపు వేయించు.